అద్దం దిగనంటే చెవి ఆనించి వినండి

మొన్న ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం మా పక్కింటి అబ్బాయి ఫోన్ చేశాడు. సొంత ఎలక్ట్రిక్ కారులో హైదరాబాద్ నుంచి విజయవాడ వస్తున్నాడు. చిల్లకల్లు టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్ స్కాన్ కాలేదట. గేటు కుర్రాడు చేతి మిషను పట్టుకుని పక్కకొచ్చి అద్దం దించమని సైగ చేస్తున్నాడు. అద్దం దిగట్లేదు. వెనక లారీ హారన్. వెనక సీట్లో వాళ్ళమ్మగారు, రెండేళ్ళ పాప. “బాబాయ్, బండి బాగానే నడుస్తోంది, ఏసీ వస్తోంది, ఛార్జింగ్ సగానికి పైనే ఉంది. నా పక్క అద్దం ఒక్కటే దిగట్లేదు” అన్నాడు. గొంతులో కంగారు తెలిసిపోతోంది.

“ముందు తలుపు తీసి ఆ కుర్రాడితో మాట్లాడు. గేటు దాటాక ఎడమ పక్కకి ఆపుకుని మళ్ళీ ఫోన్ చెయ్యి” అన్నాను. ఐదు నిమిషాల్లో చేశాడు. ఏసీ కట్టెయ్యమన్నాను, పాట ఆపమన్నాను. ఫోన్ తీసుకెళ్ళి తలుపు లోపలి ప్యాడ్‌కి ఆనించి స్విచ్ నొక్కమన్నాను.

ముప్పై ఏళ్ళకు పైగా విజయవాడ ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రీషియన్‌గా పని చేశాను. బండ్ల కరెంటు జబ్బులు సగం చెవితోనే దొరుకుతాయి. ఎలక్ట్రిక్ కార్లొచ్చాక ఈ పని ఇంకా తేలికైంది. ఇంజను చప్పుడు లేదు. తలుపులో చిన్న మోటారు మూలిగినా వినపడుతుంది. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ వినికిడి గురించే.

చెవి పెట్టడానికి ముందు ఒక్క సంగతి తేల్చుకోండి. దిగనిది ఒక్క అద్దమా, నాలుగూనా? ఒక్కటే అయితే జబ్బు ఆ తలుపులోనో, దానికి వెళ్ళే వైర్లలోనో ఉంది. నాలుగూ అయితే తలుపుల జోలికి పోకండి, జబ్బు బ్యాటరీ దగ్గరో, ఫ్యూజు దగ్గరో, రిలే దగ్గరో ఉంది. ఇక డ్రైవరు అద్దం బాగానే ఉండి, మిగతా మూడూ వాటి వాటి స్విచ్‌లకి పలకకపోతే, డ్రైవరు తలుపు మీద స్విచ్‌ల పక్కన గీత కొట్టేసిన అద్దం బొమ్మతో ఒక బటన్ ఉంటుంది చూడండి. పిల్లలు వెనక అద్దాలతో ఆడుకోకుండా వేసే తాళం అది. చెయ్యి తగిలి పడిపోతుంది. మళ్ళీ ఒకసారి నొక్కితే సరి. ఆ బటన్ పడిందని తెలియక నా షెడ్డుకి యాభై, అరవై కిలోమీటర్ల నుంచి వచ్చినవాళ్ళున్నారు. పైసా తీసుకోకుండా బటన్ నొక్కి పంపేవాణ్ణి.

ఇప్పుడు ఒక్క అద్దం సంగతి. కిటికీ తీరు తెలిస్తే చప్పుడు తీరు తెలుస్తుంది. వెనకటి అంబాసిడర్‌లో హ్యాండిల్ తిప్పితే అద్దం దిగేది. ఆ హ్యాండిల్ పని ఇప్పుడు అరచేతిలో పట్టే మోటారు చేస్తుంది. మోటారుకి ఒక చిన్న గిలక, దాని మీద సన్నటి ఇనప తీగ, ఆ తీగ లాగితే పట్టాల మీద అద్దం పైకీ కిందికీ జరుగుతుంది. ఈ తీగ, గిలక, పట్టాల సెట్టునే రెగ్యులేటర్ అంటాం. అద్దం అంచులు రబ్బరు బీడింగుల మధ్య జారుతుంటాయి. ఎలక్ట్రిక్ కారైనా పెట్రోలు కారైనా ఇక్కడిదాకా తేడా లేదు.

స్విచ్ నొక్కగానే ‘జుయ్’ మని మోటారు తిరుగుతోంది, అద్దం మాత్రం కదలదు. అంటే మోటారు బాగుంది, రెగ్యులేటర్ తీగ తెగింది, లేదా అద్దాన్ని పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పు విరిగింది. తీగ తెగేముందు వారం పది రోజులు ‘టక్, టక్’ మని అద్దం మెట్లు దిగినట్టు దిగుతుంది. ఆ టక్‌టక్ విన్న రోజే బండి చూపించుకుంటే అద్దం తలుపులో పడిపోకుండా ఉంటుంది.

‘ఊఁ’ అని ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయిందనుకోండి. స్విచ్ నొక్కిన క్షణంలో లోపలి లైటు కూడా కాస్త మసకబారుతుంది. మోటారుకి కరెంటు అందుతోంది, అద్దం బిగుసుకుంది. మన ఎండలకి రబ్బరు బీడింగు అద్దాన్ని అంటుకుపోతుంది, సందులో దుమ్ము చేరి ఉప్పుకాగితంలా గరుకెక్కుతుంది. తడిగుడ్డతో బీడింగు సందు తుడిచి, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టండి. గ్రీజు, ఇంజనాయిలు, వంటనూనె రాయొద్దు. నూనె తగిలిన రబ్బరు ఉబ్బుతుంది, దుమ్మంతా దానికే అతుక్కుంటుంది. పిల్లలు అద్దాన్ని పదేపదే ఎత్తి దించినా మోటారు వేడెక్కి తనంతట తనే ఆగిపోతుంది. లోపల వేడికి కరెంటు ఆపే ఏర్పాటు ఉంటుంది. కొన్ని నిమిషాలు వదిలేస్తే మళ్ళీ తిరుగుతుంది.

చప్పుడే లేకపోతే? పక్కింటి అబ్బాయి బండిలో జరిగింది అదే. ఫోన్లో నాకు స్విచ్ నొక్కిన ‘టిక్’ తప్ప ఏమీ వినపడలేదు. అంటే తలుపులోకి కరెంటే రావట్లేదు, లేదా మోటారు లోపల బొగ్గులు, అంటే కార్బన్ బ్రష్‌లు, పట్టుకుపోయాయి. బొగ్గుల సంగతి తేల్చడానికి స్విచ్ నొక్కి పట్టుకుని, అరచేత్తో తలుపు ప్యాడ్ మీద మోటారు ఉండే చోట రెండు దెబ్బలు వెయ్యమన్నాను. పాత మోటార్లు ఆ దెబ్బకి లేచి తిరుగుతాయి. తిరగలేదు. “అయితే తలుపు తియ్యి. స్విచ్ నొక్కే ఉంచి తలుపుని మెల్లగా పూర్తిగా తెరువు, మళ్ళీ మెల్లగా దగ్గరికి లాగు” అన్నాను. తలుపు సగానికి తెరుచుకోగానే ఫోన్లో ‘జుయ్’ మంది. “దిగింది బాబాయ్! నాలుగు వేళ్ళు దిగి ఆగింది!”

జబ్బు దొరికింది. తలుపుకీ బండి బాడీకీ మధ్య, కీళ్ళ దగ్గర, మడతల మడతల రబ్బరు గొట్టం ఒకటి ఉంటుంది. అద్దానికి, తాళానికి, స్పీకరుకి వెళ్ళే వైర్లన్నీ అందులోంచే పోతాయి. తలుపు తీసినప్పుడల్లా ఆ వైర్లు వంగుతాయి. రోజుకి ఇరవై సార్లు, ఏళ్ళ తరబడి. పైన ప్లాస్టిక్ తొడుగు బాగానే కనపడుతుంది, లోపల రాగి పోగులు ఒక్కొక్కటే తెగిపోతాయి. తలుపు ఏదో ఒక కోణంలో ఉన్నప్పుడు తెగిన కొసలు తగులుకుంటాయి, అద్దం పలుకుతుంది. ఈ అబ్బాయికి అంతకు నెల ముందే ఒక సర్వీసు సెంటర్లో మోటారు మొత్తం మార్చాలని చెప్పారట. మోటారుకి ఏ జబ్బూ లేదు. తలుపు ఊపి చూడటానికి ఒక్క నిమిషం పట్టదు. ఆ నిమిషం పెట్టకుండా మోటారు మార్చమనడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇక నాలుగు అద్దాలూ పలకని బండి. ఎలక్ట్రిక్ కారులో అసలు తిరకాసు ఇక్కడే ఉంది. మాకు తెలిసిన మాస్టారు ఒకాయన అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్ళి రెండు నెలలుండి వచ్చారు. వెళ్ళేముందు కారుకి 80 శాతం ఛార్జింగ్ పెట్టి షెడ్డులో ఉంచి తాళం వేశారు. వచ్చి చూస్తే రిమోటుకి కారు పలకదు. రిమోటు కడుపులో దాచిన ఇనప తాళంచెవితో తలుపు తీశారు. లైట్లు లేవు, అద్దాలు దిగవు, లోపలంతా కొలిమిలా ఉంది. ఛార్జరు గుచ్చితే ఛార్జింగూ ఎక్కదు. “పెద్ద బ్యాటరీ అంత ఉంచి వెళ్ళానయ్యా, ఏమైపోయింది?” అని అడిగారు.

ఏమీ అయిపోలేదు. ఎలక్ట్రిక్ కారులో రెండు బ్యాటరీలుంటాయి. బండి అడుగున పరిచినది పెద్దది, చాలా కార్లలో 300 నుంచి 400 వోల్టులు. అది బండిని నడపడానికి. బానెట్ కింద, ఎక్కువ బండ్లలో, మామూలు 12 వోల్టుల బ్యాటరీ ఇంకొకటి ఉంటుంది. అద్దాలు, తాళాలు, లైట్లు, హారన్, స్క్రీన్, బండి లోపలి కంప్యూటర్లు అన్నీ దీని మీదే. పెద్ద బ్యాటరీని బండికి కలిపే బరువైన రిలేలు కూడా ఈ చిన్న బ్యాటరీ కరెంటుతోనే మూసుకుంటాయి. చిన్నది నిద్రపోతే పెద్దదాని తలుపు తెరిచేవాళ్ళు లేరు. ఇంటి నిండా ధాన్యం ఉంది, గాదె తాళంచెవి పోయింది. మాస్టారి పరిస్థితి అది.

పెట్రోలు కారులో చిన్న బ్యాటరీని ఆల్టర్నేటర్ నింపుతుంది. ఎలక్ట్రిక్ కారులో ఆల్టర్నేటర్ ఉండదు. పెద్ద బ్యాటరీ కరెంటుని 12 వోల్టుల స్థాయికి తగ్గించి ఇచ్చే కన్వర్టర్ ఆ పని చేస్తుంది. బండి ‘రెడీ’లో ఉన్నప్పుడు, ఛార్జింగ్ ఎక్కుతున్నప్పుడు అది పనిచేస్తుంది. కొన్ని బండ్లు నిలబడి ఉన్నప్పుడు కూడా అప్పుడప్పుడు లేచి చిన్నదానికి కాస్త పోస్తాయి, కొన్ని పొయ్యవు. మాస్టారి బండిలో పైగా ఒక డ్యాష్ కెమెరా. బయట షాపువాళ్ళు నేరుగా బ్యాటరీకి కలిపి వెళ్ళారు. రెండు నెలలు రాత్రింబవళ్ళు అది తాగుతూనే ఉంది. మీటరు పెట్టి చూస్తే 9 వోల్టులు కూడా లేదు.

ఈ కన్వర్టరే చెడిపోయే బండ్లూ ఉన్నాయి. ఛార్జింగ్ యూనిట్‌లో లోపం వల్ల 12 వోల్టుల బ్యాటరీ నిండకపోవచ్చని 2024లో మన దేశంలోనే హ్యుందాయ్ కంపెనీ 1,744 అయానిక్ 5 కార్లను వెనక్కి పిలిపించి చూసింది. మీ బండికి అలాంటి పిలుపు వస్తే పక్కన పడెయ్యకండి, వెళ్ళి చూపించుకోండి.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న మాట. పెట్రోలు కారులో బ్యాటరీ నీరసపడితే పొద్దున్నే సెల్ఫ్ కొట్టినప్పుడు ‘ర్ర్... ర్ర్...’ అని ఈడుస్తుంది. ఆ ఈడ్పు విని మనం జాగ్రత్తపడేవాళ్ళం. ఎలక్ట్రిక్ కారుకి సెల్ఫ్ లేదు. ఆ హెచ్చరిక లేదు. చిన్న బ్యాటరీ లోపల్లోపల ఎండిపోతుంటే బయటికి చెప్పగలిగిన గొంతు మీ కారులో ఒక్కటే మిగిలింది, అద్దం మోటారు.

అందుకని నెలకోసారి ఒక పరీక్ష చెయ్యండి. బ్రేకు తొక్కి బటన్ నొక్కితే రెడీ అయ్యే బండ్లలో ఇది కుదురుతుంది. పొద్దున్నే, బండి రాత్రంతా ఛార్జరు లేకుండా నిలబడి ఉన్నాక, బ్రేకు తొక్కకుండా బటన్ నొక్కి ‘ఆన్’లోకి తీసుకురండి. చాలా బండ్లలో అప్పటికి కన్వర్టర్ ఇంకా లేవదు, అద్దాన్ని చిన్న బ్యాటరీ ఒక్కటే మోస్తుంది. అద్దం పూర్తిగా దించి ఎత్తండి, మోటారు గొంతు వినండి. తరవాత బ్రేకు తొక్కి రెడీలో పెట్టి మళ్ళీ దించి ఎత్తండి. ఈసారి కన్వర్టర్ 13న్నర, 14 వోల్టులిస్తుంది కాబట్టి కొంచెం చురుగ్గా కదలడం సహజం. కానీ మొదటిసారి ఏడుస్తూ ఎక్కి, రెండోసారి పరుగెత్తిందంటే మీ చిన్న బ్యాటరీ రోజులు దగ్గరపడ్డాయి. మీటరుంటే పెట్టి చూడండి. నిలబడి ఉన్న మంచి లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. 12.2 అంటే సగం ఖాళీ. 12 కంటే తక్కువ కనపడితే ఆ బండితో ఊళ్ళకి బయల్దేరొద్దు. మన ఎండల్లో ఈ బ్యాటరీకి మూడు, నాలుగేళ్ళు ఆయుష్షు. పెద్ద బ్యాటరీకి ఎనిమిదేళ్ళ వారంటీ ఉందని చాలామంది దీన్ని మరిచిపోతారు.

మాస్టారి బండికి వేరే 12 వోల్టుల బ్యాటరీ తెచ్చి వైర్లతో కలిపాం. వెంటనే బండి లేచింది, రెడీలో పెట్టగానే కన్వర్టర్ అందుకుంది. ఎక్కడ కలపాలో, ఎలా కలపాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, అది చూసే కలపండి. మీ ఎలక్ట్రిక్ కారు బ్యాటరీతో పక్కవాళ్ళ పెట్రోలు కారుకి సెల్ఫ్ కొట్టించే సాయం మాత్రం చెయ్యకండి. అంత కరెంటు లాగడానికి అది కట్టింది కాదు. బానెట్ కింద నారింజ రంగు వైర్లు కనపడతాయి. అవి పెద్ద బ్యాటరీవి, ప్రాణం తీసే కరెంటు. వాటిని ముట్టుకోకూడదు. అద్దాలకి సంబంధించిన వైర్లు వేరు, ఫ్యూజులు వేరు. ఫ్యూజు పోయిన చోట అదే నంబరు ఫ్యూజు వెయ్యండి. 20 ఆంపియర్లది పోతే 20 ఆంపియర్లదే. రాగి తీగ చుట్టి బండి కాల్చుకున్నవాళ్ళని కళ్ళారా చూశాను.

తలుపులో ఇంకో చప్పుడుంటుంది, వానాకాలంలో. తలుపు వేసినప్పుడు లోపల ‘గలగల’ మంటుంది. తలుపులోకి వాన నీళ్ళు దిగడం మామూలే. కింది అంచున సన్నటి కన్నాలుంటాయి, అక్కణ్ణుంచి కారిపోవాలి. ఆకులూ మట్టీ పడి అవి మూసుకుపోతే తలుపు బిందె అవుతుంది. చీపురుపుల్లతో కన్నాలు పొడిస్తే చాలు. ప్యాడ్ వెనక పాలిథిన్ షీటు ఒకటి అంటించి ఉంటుంది, నీళ్ళు స్విచ్‌ల వైపు రాకుండా. స్పీకర్లు బిగించేవాళ్ళు దాన్ని చింపేసి పోతుంటారు. దగ్గరుండి తిరిగి అంటించమని అడగండి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి మా సింగ్‌నగర్ వైపు ఇళ్ళూ బండ్లూ మునిగాయి. నీళ్ళు తీశాక కడిగి ఆరబెట్టుకుంటే చాలా బండ్లు బాగానే నడిచాయి. ఆ సంక్రాంతి దాటాక మొదలయ్యాయి అద్దాల జబ్బులు. ఒక బండి తలుపు విప్పి వైర్లు కలిపే కప్లర్ ఊడదీస్తే పిన్నుల చుట్టూ పచ్చగా చిలుము, గోటితో గీకితే పొడిగా రాలింది. రెండు పిన్నులు ఆ పొడితో పాటే నా చేతిలోకి వచ్చేశాయి. బురద నీళ్ళు తాగిన కప్లర్‌ని చిలుము నెలల తరబడి తింటుంది. మునిగిన బండి అయితే అద్దాలు పనిచేస్తున్నా సరే, తలుపుల కప్లర్లు ఒకసారి విప్పించి శుభ్రం చేయించండి.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి చెబుతాను, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. కారు చెరువులోనో కాలవలోనో పడితే మొదటి నిమిషమే మీది. సీటు బెల్టు తీసి, ఫోన్ జోలికి పోకుండా, వెంటనే అద్దం దించి అందులోంచి బయటపడాలి. నీళ్ళు అద్దం మీదికి ఎక్కాక మోటారుకి ఆ ఒత్తిడి దాటే బలం ఉండదు, తలుపూ తెరుచుకోదు. అద్దం పగలగొట్టే సుత్తి కొని పెట్టుకున్నవాళ్ళు ఒక్కసారి కిందికి వంగి మీ పక్క అద్దం మూలన ఉన్న చిన్న అక్షరాలు చదవండి. టెంపర్డ్ అని ఉంటే మూలన కొట్టగానే రవ్వలుగా రాలుతుంది. ల్యామినేటెడ్ అని ఉంటే పగుళ్ళు పడుతుంది తప్ప ఊడిరాదు. అమెరికాలో ట్రిపుల్ ఏ అనే వాహనదారుల సంస్థ 2019లో ఆరు రకాల పరికరాలు పరీక్షిస్తే, టెంపర్డ్ అద్దాన్ని నాలుగు పగలగొట్టాయి, ల్యామినేటెడ్‌ని ఒక్కటీ పగలగొట్టలేదు. ఈ మధ్య కొన్ని ఖరీదైన కార్లలో చప్పుడు లోపలికి రాకుండా పక్క అద్దాలు కూడా ల్యామినేటెడ్‌వే వేస్తున్నారు. మీ కారులో ఏ తలుపుకి ఏ అద్దం ఉందో ఇవాళే చూసుకోండి. కరెంటుతో తెరుచుకునే తలుపు పిడులున్న బండి అయితే, కరెంటు పోయినప్పుడు లాగే తీగ లేక పిడి ఎక్కడుందో పుస్తకంలో వెతికి, ఇంట్లో అందరి చేతా ఒకసారి లాగించండి. వెనక సీట్లో కూర్చునే పెద్దవాళ్ళ చేత కూడా. పసిపిల్లని లోపల ఉంచి “ఒక్క నిమిషంలో వస్తా” అని మాత్రం ఎప్పుడూ దిగకండి. ఎండలో మూసిన కారు పది నిమిషాల్లో పది డిగ్రీలు పైకెక్కుతుంది, ఏ క్షణాన తాళం పడుతుందో చెప్పలేం.

టోల్‌గేటు దగ్గర ఫోన్ చేసిన రోజు సాయంత్రమే పక్కింటి అబ్బాయి బండి మా వాకిట్లో పెట్టించాను. ముందు 12 వోల్టుల బ్యాటరీ నెగెటివ్ ఊడదీశాను. తలుపులో చెయ్యి పెట్టేటప్పుడు మోటారు తిరిగితే వేళ్ళు నలిగిపోతాయి. రబ్బరు గొట్టం వెనక్కి మడిచి చూస్తే లావాటి వైరు ఒకటి మడతలో తెగి ఉంది. పైతొడుగులో గుండుసూది మొనంత చీలిక, లోపల కొసలు నల్లగా. నల్లబడ్డంత మేర కత్తిరించి, జానెడు కొత్త వైరు కలిపి, టంకం వేసి, వేడికి బిగుసుకునే తొడుగు ఎక్కించాను. బ్యాటరీ కలిపాక అద్దం దిగింది. ఎక్కేటప్పుడు మాత్రం పైదాకా వెళ్ళి మళ్ళీ వేలెడు కిందికి జారుతోంది.

“ఇంకా ఏదో ఉంది బాబాయ్” అన్నాడు వాడు. ఏమీ లేదు. అద్దానికి చెయ్యో తలో అడ్డం వస్తే తనే వెనక్కి తగ్గే ఏర్పాటు ఉంటుంది. ఇది ఎంత ముఖ్యమంటే, సరిగ్గా వెనక్కి తగ్గకపోవచ్చని 2022 సెప్టెంబరులో అమెరికాలో టెస్లా దాదాపు 11 లక్షల కార్లకి సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వచ్చింది. బ్యాటరీ ఊడదీస్తే చాలా బండ్లలో అద్దం తన పై హద్దు, కింది హద్దు మరిచిపోతుంది. మళ్ళీ నేర్పాలి. వాడి బండి పుస్తకంలో చూసి, రెడీలో పెట్టించి, స్విచ్ పైకి లాగి పట్టుకోమన్నాను. అద్దం ఎక్కింది. “వదలకు, ఇంకో ఐదు లెక్కపెట్టు.” తలుపులో సన్నగా ‘టిక్’ మంది. తరవాత పూర్తిగా దించి అలాగే నొక్కి పట్టుకున్నాడు. మిగతా మూడు తలుపులకీ అదే చేశాం.

అప్పటికి చీకటి పడుతోంది. పాప వచ్చి వాళ్ళ నాన్న ఒళ్ళో ఎక్కి కూర్చుంది. వాడు ఒక్క వేలితో స్విచ్ తట్టాడు. అద్దం ఆగకుండా, మూలగకుండా, చివరిదాకా దిగింది.